చుక్కకు ముందొక వాలుగీత

ఉపాధ్యాయుడు “కూర్చుండుము” అనినచో బాలురు కూర్చుందురు. “కూర్చుండుము అని వ్రాయుము” అనినచో ఎవ్వరును కూర్చుండరు. ఆ మాటను పలకపై వ్రాయుదురు. ఆజ్ఞను అక్షరమాత్రముగా మార్చినది “అని” యను చిన్న పదమే. కంప్యూటరునకు ఆజ్ఞలను టైపు చేసి యిచ్చునపుడు ఆ “అని”కి బదులు \ అను వాలుగీతను వాడుదురు. దీని పేరు బ్యాక్‌స్లాష్.

ఒక విద్యార్థి తన ఫైలులో ఈ రెండు వాక్యములు వ్రాసెననుకొందము:

గోదావరి పొడవు 1465 కి.మీ.
సారపాకకి మీరు రండి.

అతడు “కి.మీ.” అను సంక్షేపమును “కిలోమీటర్లు”గా మార్పగోరి సెడ్ అను పరికరమును వాడెను. అది బెల్ ప్రయోగశాలలో లీ మక్‌మాన్ 1973-74 సంవత్సరములలో రచించినది. మొదటి వాక్యము సరిగనే మారెను. రెండవదియో, “సారపాకకిలోమీటర్లు” అని మొదలయ్యెను!

హేతువేమి? సెడ్ భాషలో చుక్క చుక్క కాదు. “ఇచట ఏదైన నొక అక్షరము” అని దానికి అర్థము. కావున “కి”, ఖాళీ, “మీ”, రకారము అన్నియు కలిసి “కి.మీ.” అను నమూనాలో నిమిడిపోయెను. యూనికోడ్‌లో “రు” అనగా రకారమును కొమ్మును వేర్వేరు గుర్తులు. రకారము పోగా కొమ్ము మాత్రము అనాథయై మిగిలెను.

అట్లయిన కి\.మీ\. అని వ్రాసిన చాలునా? చాలదు. మన ఆజ్ఞను సెడ్ కంటె ముందు షెల్ అను ద్వారపాలకుడు చదువును. అతడు ఆ వాలుగీతలు తనకే యని తలంచి తీసివేయును. సెడ్‌నకు మరల వట్టి చుక్కలే చేరును. కావున సెడ్‌నకిచ్చు ఆజ్ఞనంతయు ' ' అను ఒంటి కొటేషన్ గుర్తుల నడుమ నుంచవలెను. షెల్ ఆ గుర్తులను మాత్రము తీసి, లోపలిదానిని ముట్టక యథాతథముగా అందించును.

సారపాక మిల్లులో తయారగు కాగితముపై తప్పును చెరిపినను దాని జాడ మిగులును. మూలఫైలునే మార్చుమని సెడ్‌ను ఆజ్ఞాపించినచో పాత వాక్యము జాడయైనను మిగులదు. కావున విద్యార్థులారా! ముందు ఒక ప్రతిని భద్రపరచుకొనుడు. ఫలితమును తెరపై చదువుడు. పిదపనే మూలమును దిద్దుడు. వ్రాయుమన్నదానిని చేయుమన్నదానిగా యంత్రము గ్రహించినచో, దోషము యంత్రముది కాదు, “అని” యనుట మరచిన మనదే.