కబురు పంపే ముందు చెవి ఒగ్గే రేడియో!

రచ్చకట్ట మీద నలుగురూ ఒకేసారి మాట్లాడితే ఎవరి మాటా చెవికెక్కదు. నేలలో తేమ కొలిచి, తీగ లేకుండా కబురు పంపే చిన్న పరికరాలదీ అదే తంటా. నల్లమాడ ప్రాంతంలో బోరు కింద శెనక్కాయ, మల్బరీ పెట్టిన రైతు సోదరులు ఇలాంటివి కొనే ముందు వాటి పని తీరు కొంత తెలుసుకోవడం మంచిది.

పక్కూరి ప్రయత్నం

ఇదేమీ దూరపు ముచ్చట కాదు. మడకశిర పక్కనున్న కర్ణాటక పావగడ తాలూకా చెన్నకేశవపురంలో 2000 దశకం మధ్యలోనే ఇలాంటి పరికరాలు పెట్టి చూశారు. బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్, స్విట్జర్లాండ్‌లోని లొసాన్ సాంకేతిక విద్యాసంస్థ కలిసి చేసిన ఈ పని పేరు ‘కామన్‌సెన్స్ నెట్’. వానను నమ్ముకున్న సన్నకారు రైతుకు నేల తేమ లెక్క అందించాలన్నదే వారి ఉద్దేశం.

ముందు వినడం, తర్వాత పంపడం

ఈ పరికరాలకు చిన్న బ్యాటరీయే ఆధారం. ఒక పొలంలో ఉన్నవన్నీ ఒకే ఫ్రీక్వెన్సీ పంచుకుంటాయి. రెండు ఒకేసారి పంపితే కబుర్లు కలగలిసి రెండూ పాడవుతాయి. మళ్లీ పంపాలంటే బ్యాటరీ దండుగ.

అందుకే పంపబోయే రేడియో ముందు వింటుంది. చుట్టూ ఉన్న సిగ్నల్ బలం ఒక హద్దుకు లోపల ఉంటే దారి ఖాళీ అని పంపుతుంది. హద్దు దాటితే ఆగుతుంది. ఆగినవన్నీ ఒకేసారి మళ్లీ లేస్తే మళ్లీ గుద్దుకుంటాయి కదా! కాబట్టి చీటీలు తీసినట్టు ఒక్కొక్కటి ఒక్కో లెక్కన ఆగుతుంది. జిగ్బీ రకంలో వినే సమయం 128 మైక్రోసెకన్లు. అంటే సెకనును 10 లక్షల భాగాలు చేస్తే అందులో 128. మామూలు అమరికలో 5 సార్లు విన్నా ఖాళీ లేకపోతే ఆ ప్రయత్నం వదిలేస్తుంది.

దూరం పోయే లోరా రకం సిగ్నల్ గాలిలోని రొద కంటే సన్నగా ఉండొచ్చు. బలం కొలిస్తే చాలదు. కబురు మొదట్లో వచ్చే గుర్తును వెతకాలి. చాలా లోరా పరికరాలు అసలు వినకుండానే పంపేస్తాయి.

గుట్ట అడ్డమైతే?

గుట్టకు ఇటొకటి, అటొకటి ఉన్నాయనుకోండి. ఒకదాని మాట రెండోదానికి వినబడదు. రెండూ దారి ఖాళీ అనుకుని పంపుతాయి. కబుర్లు అందుకునే పెట్టె దగ్గర గుద్దుకుంటాయి. ఈ జబ్బు వినడంతో తీరదు. పెట్టె నుంచి ‘అందింది’ అని జవాబు రావాలి, రాకుంటే పరికరం మళ్లీ పంపాలి.

కొనే ముందు అడగండి

* పంపే ముందు వినే ఏర్పాటు ఉందా?
* ‘అందింది’ అనే జవాబు వస్తుందా?
* రీడింగ్ పక్కన తేదీ, సమయం చూపుతుందా? లేక పాత అంకెనే చూపుతూ పోతుందా?
* ఫ్రీక్వెన్సీ ఎంత? మన దేశంలో 865-867 మెగాహెర్ట్జ్‌లో తక్కువ శక్తి పరికరాలకు 2005 నుంచి లైసెన్సు అక్కర్లేదు.

శెనక్కాయ ఊడలు దిగేటప్పుడు, కాయ ఊరేటప్పుడు తేమ తగ్గితే దిగుబడి పోతుంది. ఆ రోజుల్లో రీడింగ్ రాలేదంటే నేల తడిగా ఉందని కాదు, కబురు దారిలో పోయి ఉండొచ్చు. చేనులోకి వెళ్లి వేళ్ల లోతు మట్టి తీసి, పిడికిట పట్టి చూసుకోండి. ఆ తర్వాతే మోటారు సంగతి.