తోడు లేనిదే పెరగని శ్రీగంధం

మర్రిపాడు మెట్ట పొలాల్లో శ్రీగంధం వేయాలనుకునే రైతు సహోదరులకు ఒక మాట చెప్పాలనుకుంటున్నాము. వెలిగొండల్లోని ఎర్రచందనం వేరు, శ్రీగంధం వేరు. శ్రీగంధం వేళ్లు పక్క మొక్కల వేళ్లను పట్టుకుని నీరు, పోషకాలు తీసుకుంటాయి. అందుకే తొలుత కందిని, తరువాత సరుగుడును తోడుగా పెంచాలి. తోడు లేని మొక్క గిడసబారిపోతుంది. నీరు నిలిచే నేల దీనికి పనికిరాదు.

వాసనా, ధరా చేవకే. అది ముదరడానికి సుమారు 15 ఏళ్లు పడుతుంది. చేవ పట్టాక దొంగల భయం మొదలవుతుంది. కలప తరలించడానికి అటవీ శాఖ అనుమతి కావాలి.

కాబట్టి అప్పు చేసి పొలమంతా శ్రీగంధం వేయవద్దని మనవి చేస్తున్నాము. అప్పుకు వడ్డీ ఏటా పెరుగుతుంది, చెట్టు మాత్రం తన కాలానికే చేవ పడుతుంది. గట్ల వెంట కొన్ని నాటి, అడంగల్‌లో నమోదు చేయించి, మధ్యలో ఏటా తిండి పెట్టే పైరు వేసుకుందాం.