ఓక్ ఎర్రబడాలంటే ముందు చూడాల్సింది మట్టి

అమెరికా తూర్పు రాష్ట్రాల్లో ఇళ్ల ముందు, వీధుల వెంట నాటే పిన్ ఓక్ 20 మీటర్లకు పైగా ఎదుగుతుంది. ఆకురాలే కాలంలో ఎర్రబడుతుంది. ఆకులో పత్రహరితం విచ్ఛిన్నమయ్యాక, అప్పటిదాకా దాని చాటున ఉన్న పసుపు వర్ణకాలు బయటపడతాయి. ఎరుపు సంగతి వేరు. దానికి కారణమైన ఆంథోసయనిన్లను ఆకు ఆ రోజుల్లోనే, తనలోని చక్కెరలతో కొత్తగా తయారుచేస్తుంది. రాలిపోబోయే ఆకుకు ఈ ఖర్చు వింతే! పగలు మంచి ఎండ, రాత్రి గడ్డకట్టనంత చలి ఉంటే రంగు చిక్కబడుతుంది.

వాతావరణం మన చేతిలో లేదు, నేల ఎంపిక ఉంది. పిన్ ఓక్‌కు ఆమ్ల నేల కావాలి. పీహెచ్ 7 దాటిన సున్నపు నేలలో ఇనుము ఉన్నా, వేళ్లు పీల్చుకునేంతగా కరగదు. ఇనుము అందకపోతే పత్రహరితం సరిగా తయారుకాదు. ఈనెలు పచ్చగానే ఉండి, వాటి మధ్య భాగం వేసవిలోనే పసుపెక్కుతుంది. చక్కెరలే తగ్గిన ఆకుకు ఎరుపు ఎక్కడి నుంచి వస్తుంది? ఈ లోపం చాలాసార్లు నాటిన కొన్నేళ్లకు, చెట్టును కదిలించలేని వయసులో కనిపిస్తుంది. గుంత తవ్వకముందే మట్టి పరీక్ష చేయించాలి. సున్నపు నేలైతే, దాన్ని మెరుగ్గా తట్టుకునే షుమార్డ్ ఓక్ నయం. విత్తనాల నుంచి పెంచిన మొక్కల్లో రంగు ఒకేలా ఉండదు కనుక, నర్సరీకి ఆకులు ఎర్రబడే రోజుల్లోనే వెళ్లి ఎంచుకోవడం మేలు.