దూడ పాలు దూడకే, కస్టర్డ్ మనకు

కస్టర్డ్‌ను చిక్కబరిచేది పాలు కాదు, పిండి. ఈ ఒక్క సంగతి తెలిస్తే పాలు పడని పిల్లలున్న ఇంట్లో సగం బెంగ తీరుతుంది. మా మనవరాలు గ్లాసు పాలు తాగితే గంటలో కడుపుబ్బి మెలికలు తిరిగిపోయేది. పాలలో లాక్టోజ్ అనే చక్కెర ఉంటుంది. దాన్ని అరిగించే లాక్టేజ్ పసితనంలో పేగుల్లో పుష్కలంగా ఊరుతుంది, ఎదిగేకొద్దీ చాలామందిలో తగ్గిపోతుంది. ప్రపంచంలో పెద్దవాళ్ళలో ఇంచుమించు మూడింట రెండు వంతుల మందికి ఇంతే. పాలు తగలగానే దద్దుర్లు, ఆయాసం వచ్చేవాళ్ళ సంగతి వేరు. వాళ్ళు డాక్టరుకు చూపించుకోవాల్సిందే.

పాతకాలపు కస్టర్డ్‌లో పాలతోపాటు గుడ్డు సొన పడేది. వేడికి సొన గట్టిపడి చిక్కదనం వచ్చేది. 1837లో బర్మింగ్‌హామ్‌లో ఆల్‌ఫ్రెడ్ బర్డ్ అనే మందుల వ్యాపారి, భార్యకు గుడ్లు పడవని మొక్కజొన్న పిండితో కస్టర్డ్ చేశాడు. మన కొట్లలో దొరికే పొడి ఆ వరసలోదే. ఆయన గుడ్డు తీసేశాడు, మేం పాలు కూడా తీసేశాం.

మా బాసగూడ ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లాలో తాలిపేరు ఒడ్డున ఉంది. ఆ ఏరే దిగువకు పారి, తెలంగాణలో నా పుట్టిల్లు చర్ల దగ్గర ప్రాజెక్టును నింపుతుంది. పెళ్ళయి ఇక్కడికొచ్చిన కొత్తలో, ఇన్ని పశువులుండి గోండు, దొర్ల ఆదివాసుల ఇళ్ళలో పాలు పితకరేమని ఆశ్చర్యపోయాను. పశువు దుక్కికి, ఎరువుకు. దూడ నోటి దగ్గరిది లాక్కోకూడదన్నది ఇక్కడి పెద్దల పాత పద్ధతి. పాలు లేకుండానే తరాలు పెరిగిన చోట కస్టర్డ్‌కు పాలు లేవని దిగులెందుకు?

అడవే పిండి ఇస్తుంది. బస్తర్‌లో టీఖుర్ అంటారు, విశాఖ మన్యంలో పాలగుండ. పసుపు జాతి దుంప. చలికాలంలో తవ్వి, కడిగి, రాతిమీద నూరి, నీళ్ళలో కలిపి గుడ్డలో వడకడతారు. తెల్లని పిండి అడుక్కి దిగుతుంది. పైనీళ్ళు ఒంపేసి మళ్ళీ కొత్త నీళ్ళు పోస్తారు. చేదు పోయేదాకా ఇలా రోజుల తరబడి చేయాలి. ఆ ఆడవాళ్ళ చేతుల కష్టం చూసినవాళ్ళెవరూ సంతలో ఈ పిండికి బేరమాడరు.

పాల బదులు కొబ్బరి. కోరి, గోరువెచ్చని నీళ్ళతో రుబ్బి మొదటి చిక్కటి పాలు విడిగా తీస్తాను. రెండోసారి పిండిన పలచటి పాలు పొయ్యిమీద పెడతాను. రెండూ కలిపి అర లీటరుంటే మూడు పెద్ద చెంచాల టీఖుర్ చాలు. దాన్ని చల్లటి నీళ్ళలోనే కలపాలి, వేడిపాలలో వేస్తే ఉండలు కడుతుంది. నానబెట్టి మెత్తగా నూరిన సారపప్పు గుప్పెడు, బెల్లం, చిటికెడు పసుపు వేస్తాను. సారపప్పు మా అడవి సొత్తు. ఒకప్పుడు షావుకార్లు దీన్ని ఎత్తుకు ఎత్తు ఉప్పిచ్చి తీసుకుపోయేవారు! ఆ అన్యాయం తలుచుకుంటే ఇప్పటికీ మనసు మండుతుంది.

సన్న సెగమీద తిప్పుతుంటే మిశ్రమం ఉన్నట్టుండి నిగనిగలాడుతూ గరిటెకు పడుతుంది. అప్పుడే దించేయాలి, మరీ మరిగిస్తే పట్టు సడలుతుంది. చిక్కటి పాలు, యాలకుల పొడి దించాకే. ఎండాకాలం తునికిపండు గుజ్జు, శీతాకాలం మొదట్లో సీతాఫలం కలుపుతాను. సీతాఫలం మాత్రం పూర్తిగా చల్లారాకే, వేడి తగిలితే చేదెక్కుతుంది.

పాలలో ఉన్నంత కాల్షియం కొబ్బరిలో ఉండదు. 100 గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైనే ఉంటుంది కనుక మా పిల్లకు పొద్దున రాగి జావ తప్పనిసరి. కస్టర్డ్ మధ్యాహ్నం. టీఖుర్ దొరకకపోతే కొట్లో పొడే వాడండి, పాలపొడి కలవలేదని అట్టమీద చూసుకుని. కొబ్బరిపాలు ఎండకు తొందరగా పులుస్తాయి. ఫ్రిజ్ లేని ఇంట్లో పూటకు సరిపడానే చేసుకోవాలి.