అడ్డా మీది కూలికి అవతల ఎవరున్నరు?

భైంసాలో ఇల్లు లేస్తున్న చోట సిమెంటు తట్ట మోసే ఆమెకు వారం కూలి ఆగిందనుకుందాం. ఎవరిని అడగాలె? సుతారి మేస్త్రీ "కాంట్రాక్టరు ఇయ్యలే" అంటడు. కాంట్రాక్టరు "బిల్లు కాలే" అంటడు. చివరికి లొల్లి ఆమెకూ మేస్త్రీకీ మధ్యనే మిగుల్తది. చాలాసార్లు ఆ మేస్త్రీ అదే వాడ మనిషి, అదే కులం, చుట్టం కూడా. పైసలు పైన, పంచాయితీ వాడలో.

కార్మిక సంఘాల గుర్తింపు గురించి మనం ఎంతో చర్చించినం. యజమానుల సంఘానికి కూడా గుర్తింపు పరీక్ష ఉండాలన్న ముచ్చట మాత్రం మన సభల్లో రాదు. కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో నిర్మాణ రంగానికి అట్లాంటి పరీక్ష ఉంది. కాంట్రాక్టర్ల సంఘం రెండు మెజారిటీలు చూపాలె: ఆ పరిధిలోని యజమానుల్లో ఎక్కువమంది తనవైపు ఉండాలె, వాళ్ల కిందనే ఎక్కువమంది కార్మికులు పనిచేస్తుండాలె. అప్పుడు లేబర్ బోర్డు గుర్తింపు ఇస్తది. కార్మిక సంఘానికి బేరమాడే హక్కున్న ప్రతి కాంట్రాక్టరూ, సభ్యుడైనా కాకున్నా, ఆ ఒప్పందానికి లోబడాల్సిందే. ఇది కూలోళ్ల మీద ప్రేమతో తెచ్చింది కాదు. యూనియన్లు చిన్న కాంట్రాక్టర్లను ఒక్కొక్కరిని పట్టి రేటు పెంచుతుంటే, యజమానులే ఒక్కటి కావాలనుకున్నరు. అయినా కార్మికునికి ఒక లాభం దక్కింది: అవతల సంతకం పెట్టే చెయ్యి ఏదో తెలిసింది.

మన దగ్గర? 1926 ట్రేడ్ యూనియన్ల చట్టం ఉన్నన్ని రోజులు దాని కింద యజమానులు కూడా సంఘం రిజిస్టర్ చేసుకునే వీలుండె. కానీ రిజిస్ట్రేషన్ వేరు, గుర్తింపు వేరు. కార్మిక శాఖ చూస్తున్న కాలంలో అంబేడ్కర్ 1943లో, యజమాని యూనియన్‌ను గుర్తించి తీరాలని బిల్లు పెట్టిండు. అది చట్టం కాలేదు. 1947లో ఆ దారిలో వచ్చిన సవరణ పాసయింది గానీ అమలులోకే రాలేదు. 1946 బొంబాయి పారిశ్రామిక సంబంధాల చట్టం యజమానుల కూటమిని ప్రభుత్వం గుర్తించవచ్చన్నది, కానీ అది ప్రధానంగా మిల్లుల కోసం. 1956లో నాందేడ్ జిల్లా ఆ బొంబాయి రాష్ట్రంలో కలిసింది. అప్పటిదాకా నాందేడ్‌లోనే ఉన్న భైంసా, ముధోల్ ఇటు మిగిలినయి. అటు పోయినా తట్ట మోసేటామెకు ఒరిగేది ఏమీ లేకుండె.

2025 నవంబర్ 21న అమలులోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ చూడండి. ఒకటికి మించి యూనియన్లున్న చోట, మస్టరు రోల్‌లోని కార్మికుల్లో 51 శాతం ఉన్న యూనియనే ఏకైక బేరసారాల సంఘం. అడ్డా కూలి పేరు ఏ మస్టరులో ఉంటది? పరీక్ష కూలోళ్లకే పెట్టిండ్రు, కాంట్రాక్టర్ల సంఘానికి పెట్టలే. 1941 నుంచి బిల్డర్స్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా ఉంది, 1999 నుంచి క్రెడాయ్ ఉంది. సిమెంటు ధర మీద, పన్నుల మీద అవి పరిశ్రమ మొత్తం తరఫున మాట్లాడుతయి. కూలి రేటు దగ్గరికొస్తే, సభ్యుడు కాని కాంట్రాక్టరును కట్టిపడేసే బాధ్యత వాటికి చట్టం పెట్టలేదు.

ఒక్క దారి ఉన్నది. కాంట్రాక్టరు కూలి ఎగ్గొడితే అసలు యజమాని కట్టాలన్న సూత్రం 1970 కాంట్రాక్టు లేబర్ చట్టంలో ఉండె, కొత్త కోడ్‌లోనూ ఉన్నది. కానీ 20 మందికి వర్తించేది ఇప్పుడు 50 మందికి చేసిండ్రు. పదిమంది, పన్నెండుమంది గుంపులుగా పనిచేసే మన మాల, మాదిగ కూలోళ్లలో ఎంతమంది ఆ లెక్కలోకి వస్తరు? అందుకే కూలి ఆగినప్పుడు మేస్త్రీ గల్లా పట్టేముందు, మేస్త్రీని కూడా పక్కన కూసోబెట్టుకొని, పని ఎవరి పేరు మీద ఉన్నదో, బిల్లు ఎవరి ఖాతాలో పడుతదో కాగితం అడగాలె.