మిరపతోటలలో కొమ్మయెండు తెగులు: ఆనవాళ్లు, నివారణోపాయములు

పొదిలి ప్రాంతపు రైతునకు మిరప మిక్కిలి పెట్టుబడి కోరు పంట. పూత నిండుగానున్న తోటలో కొమ్మల కొనలు ఎండనారంభించినంతనే, పురుగు పట్టినదని తలచి పలువురు దొరకిన పురుగుమందు నెల్ల చల్లుచుందురు. అందువలన అప్పు పెరుగునే గాని తెగులు నిలువదు. కావున దీని ఆనవాళ్లను, అరికట్టు మార్గములను ఇచ్చట వివరించుచున్నాము.

ఈ తెగులు పురుగువలన గాక శిలీంధ్రమువలన గలుగును. కోయంబత్తూరు మిరపపై కనబడిన ఈ శిలీంధ్రమును 1913లో సిడో యను శాస్త్రజ్ఞుడు తొలుత వర్ణించెను. నేడు దీనిని కొల్లెటోట్రైకమ్ అని వ్యవహరింతురు. కొమ్మను ఎండించునదియు, పండుకాయను కుళ్లించునదియు ఇదియే.

ఆనవాళ్లు: మొదట పూవులు, వాని తొడిమలు వాడి రాలును. పిదప లేతకొన ఎండి, ఆ యెండు పైనుండి క్రిందికి దిగును. ఎండిన భాగము బూడిదవన్నెకు గాని గడ్డిరంగునకు గాని మాఱి, దానిపై సన్నని నల్లచుక్కలు లేచియుండును. ఈ చుక్కలే ముఖ్యమగు గురుతు. పండుకాయలపై గుండ్రని పల్లపుమచ్చలు పడి, వానిలో చుక్కలు వలయములుగా నేర్పడును. అట్టి కాయలు తాలుగా పోయి, అంగడిలో మిక్కిలి తక్కువ ధర పలుకును.

ఇతర తెగుళ్లతో దీనిని పొరబడరాదు. మొక్కయంతయు వడలి వాలినచో అది వేరునుండి వచ్చు ఎండుతెగులు. వానలలో కొమ్మ మెత్తబడి కుళ్లి, దానిపై గుండుసూదులవలె నల్లతలలుగల బూజు లేచినచో అది కొమ్మకుళ్లు. ఆకులు పైకి ముడుచుకొన్న తామరపురుగును, క్రిందికి ముడుచుకొన్న నల్లిని అనుమానింపవలెను. సందేహము తీరనిచో తెగులు తగిలిన కొమ్మను వ్యవసాయాధికారికి గాని, గుంటూరు చెంత లాం పరిశోధనా స్థానమువారికి గాని చూపుట మేలు.

ఈ శిలీంధ్రము విత్తనమునందును, చేనిలో విడిచిన కట్టెయందును దాగియుండును. వానచినుకులు తుళ్లినపుడు మొక్కనుండి మొక్కకు ప్రాకును. ఆశ్వయుజ కార్తికముల వానలు, ఆ పిమ్మటి మంచు దీనికి అనుకూలములు.

నివారణ: 1. కుళ్లుకాయలనుండి విత్తనము తీయరాదు. కిలో విత్తనమునకు 3 గ్రాముల మాంకోజెబ్ పట్టించి నారు పోయవలెను.

2. మొక్కలను మిక్కిలి దగ్గరగా నాటరాదు. గాలి, వెలుతురు సోకవలెను. నత్రజని ఎరువు మితము మీఱరాదు.

3. ఎండిన కొమ్మలను పచ్చిభాగమువఱకు త్రుంచి, చేనికి దూరముగా కాల్చివేయవలెను. పెరటి గులాబికి పైనుండి ఎండు దిగినపుడును ఇట్లే కోసి, కోసినచోట బోర్డోముద్ద పూయుదురు.

4. తెగులు కనబడినంతనే లీటరు నీటికి మాంకోజెబ్ 2.5 గ్రాములు గాని, డైఫెన్‌కొనజోల్ 0.5 మిల్లీలీటరు గాని, అజాక్సీస్ట్రోబిన్ 1 మిల్లీలీటరు గాని కలిపి కొమ్మలన్నియు తడియునట్లు చల్లవలెను. ఒకే మందును మాటిమాటికి వాడక మార్చి వాడవలెను. మందు చల్లిన పిదప డబ్బాపై వ్రాసిన గడువు తీరకుండ కాయ కోయరాదు.

5. పండిన కాయలను చెట్టుననే నిలువయుంచరాదు. కోసినవానిని పట్టాలపై పోసి, తేమ 10–11 శాతమునకు దిగువఱకు ఆరబెట్టి, తాలును వేరుచేయవలెను.

ఎండిన కొమ్మ తిరిగి చిగురింపదు. మందు మిగిలిన కొమ్మలను మాత్రమే కాపాడును. ఒకరు కట్టెను కాల్చి, ప్రక్కచేనివారు విడిచినచో ఫలము స్వల్పము. కావున సంఘసభ్యులు వానలకు ముందే కలసి మాటలాడుకొని, మంచి విత్తనమును, రశీదుతో కూడిన మందులను సమకూర్చుకొందురని ఆశించుచున్నాము.