సూది కూడా స్వాస్థ్యమే

స్వాస్థ్యము అనగానే మనకు పొలము, ఇల్లు, బంగారము గుర్తుకు వస్తాయి. వాటి పంపకాల్లో తోబుట్టువులు మాటలు మానుకున్న కుటుంబాలను మన సంఘాల్లోనే చూస్తున్నాం. కాని అదే ఇంట్లో నాయనమ్మ తొక్కిన కుట్టు మిషనును పాత సామాన్లవాడికి తూకానికి వేస్తున్నప్పుడు అడ్డుపడేవారు తక్కువ.

అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయంలో యొప్పే పట్టణపు దొర్కాను జ్ఞాపకం చేసుకుందాం. ఆమె చనిపోయినప్పుడు విధవరాండ్రు ఏడుస్తూ పేతురుకు చూపించినవి ఆమె నగలు కావు, ఆమె కుట్టిన అంగీలు, వస్త్రములు. ఆ చేతిలోని సూది ఎందరికో ఒంటిమీద బట్ట అయ్యింది. పనిముట్టుకు గౌరవం అది చేసిన పనిని బట్టే వస్తుంది.

మన గోదావరి ప్రాంతమే దీనికి సాక్ష్యం. నర్సాపురం చుట్టుపక్కల 1844 ప్రాంతంలో స్కాట్లాండు మిషనరీలైన మాక్రే దంపతులు స్త్రీలకు లేసు అల్లిక నేర్పారని చెబుతారు. కొక్కెము వంటి చిన్న సూది, నూలుదారం, ఇవే పెట్టుబడి. తల్లి ప్రక్కన కూర్చుని కూతురు, అత్త ప్రక్కన కోడలు నేర్చుకున్నారు. 2024లో ఆ లేసుకు భౌగోళిక గుర్తింపు లభించింది. సూదిని పెట్టెలో దాచి ఉంటే ఈ పని మన తరము దాకా వచ్చేది కాదు.

కాబట్టి మీ ఇంటి పాత మిషనును మూలన పడవేయకండి. షటిల్ దగ్గర చేరిన దారపు పీచును, దుమ్మును తుడవండి. మిషను నూనె మాత్రమే వేయండి. వంటనూనె వేస్తే జిగురుగా మారి మిషను బిగుసుకుపోతుంది. తోలు బెల్టు వదులైతే కొంచెం కోసి మళ్ళీ కొక్కెం తగిలించుకోవచ్చు. బట్టల కత్తెరతో కాగితం కోయకండి, పదును పోతుంది. వానాకాలంలో సూదులను తడి తగలని డబ్బాలో ఉంచండి. ఆ మిషను ఎవరిదో, ఏ సంవత్సరంలో కొన్నారో కుటుంబ బైబిలు మొదటి పేజీలో పుట్టిన తేదీల ప్రక్కన వ్రాసిపెట్టండి.

మరి అది ఎవరికి చెందాలి? పెద్ద కూతురికా, ఇంట్లో ఉన్న కోడలికా? వాడే చేతికి చెందాలని మేము అంటాము. తల్లులారా, మీరు బ్రతికి ఉండగానే ఇవ్వండి. ఇచ్చేటప్పుడు ప్రక్కన కూర్చోబెట్టుకుని నేర్పండి. నేర్పకుండా ఇచ్చిన మిషను ఇనుప ముక్కగానే మిగులుతుంది. మగపిల్లలకూ నేర్పవచ్చు, పౌలు డేరాలు కుట్టి జీవించాడు కదా!

తిమోతి విశ్వాసము మొదట అతని అవ్వ లోయిలోను, తల్లి యునీకేలోను ఉన్నదని పౌలు వ్రాశాడు. విశ్వాసమైనా, పనితనమైనా ఒకరి దగ్గర కూర్చుంటేనే మరొకరికి అందుతుంది. ఈ నెలలో ఆ మిషను మీది గుడ్డ తీయండి. మొదటగా మీ వీధిలోని ఒక విధవరాలికో, బడికి వెళ్ళే బీద బిడ్డకో ఒక వస్త్రము కుట్టండి. అవ్వ జ్ఞాపకమునకు అంతకంటె మంచి గుర్తు లేదు.